కబురు తెలియాల్సినవాళ్లం

"లాయరు దగ్గర సంతకాలకి ముగ్గురూ ఒకేసారి రావాలటమ్మా, విడివిడిగా కుదరదట" అని, కనపడకుండా పోయిన మా స్నేహితురాలి వాళ్లమ్మ ఫోన్ చేసింది. లాయరు అసలా మాటే అనలేదని అక్కడికెళ్లాక తెలిసింది. పెద్దావిడ కావాలనే అల్లిందన్నమాట.

హాస్టల్లో మా గదిలో నలుగురం ఉండేవాళ్లం. అందులో ఒకమ్మాయి ఓ సాయంత్రం హ్యాండ్‌బ్యాగు కూడా తీసుకోకుండా బయటికెళ్లింది, మళ్లీ రాలేదు. ఏమైందో ఇవాళ్టికీ తెలీదు. ఆ ఏడాది తిరక్కుండానే మిగతా ముగ్గురం మాట్లాడుకోవడం మానేశాం.

పోట్లాట అంతా ఒక్క రాత్రి గురించే. మనిషి కనపడకపోయినా ఒకరోజు ఆగితేగానీ పోలీసులు కంప్లయింట్ తీసుకోరని ఎవరో అన్నారు. ఆగాం. అలాంటి రూలేదీ లేదు, అనుమానం వచ్చిన గంటకే వెళ్లి ఇవ్వొచ్చు. ఆ సంగతి తెలిశాక, అసలు ఆ మాట అన్నదెవరు అని మొదలైంది. నువ్వంటే నువ్వు. తిట్టుకోవడానికి ఎదురుగా మనిషి కావాలి కదా, వెళ్లిపోయినదాన్ని తిట్టలేం.

ఇక సంతకాల సంగతి. వాళ్లింట్లో ఆస్తి కాగితాలు ముందుకు కదలాలంటే అది ఉందో లేదో కోర్టులో తేలాలి. ఏడేళ్ల లెక్క 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్నదే, 2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ మారలేదు. మనిషి బతికుంటే ఎవరికి సహజంగా కబురు తెలుస్తుందో, వాళ్లకి ఏడేళ్లుగా ఏమీ తెలియకపోతే, బతికే ఉందని నిరూపించే బాధ్యత ఆ మాట అనేవాళ్ల మీద పడుతుంది. ఆ కబురు తెలియాల్సినవాళ్ల లిస్టులో వాళ్లమ్మ మా ముగ్గురి పేర్లూ వరసగా రాయించింది.

లాయరు గారి గదిలో మొదటి అరగంట ఎవరి ఫోన్ వాళ్లం చూసుకుంటూ కూర్చున్నాం. తర్వాత అఫిడవిట్ కోసం, ఆ సాయంత్రం అది ఏం వేసుకుందో ఆయన ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టారు. ఆకుపచ్చ చున్నీ అన్నాను నేను. నీలం అంది ఒకతి. చున్నీయే లేదు, జీన్స్ వేసుకుంది అని ఇంకొకతి. ముగ్గురం ఒట్టు పెట్టుకునేంత నమ్మకంగా చెప్పాం. 1986లో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడే, ఆ వార్త ఎక్కడ ఎలా తెలిసిందో అల్రిక్ నీసర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ విద్యార్థుల చేత రాయించాడు. రెండున్నరేళ్ల తర్వాత అడిగితే చాలామంది ఇంకేదో కథ చెప్పారు, అదీ ఢంకా బజాయించి. ఇది నేను ఎప్పుడో చదివిందే. కానీ అది వేరేవాళ్ల గురించి అనుకుంటాం కదా!

"కలుపుకోకండి, ఎవరికి గుర్తున్నది వాళ్లు చెప్పండి" అన్నారాయన. ఇన్నేళ్లలో మాకెవరూ ఇవ్వని సలహా.

ఫైల్లో అప్పటి పేపర్ ప్రకటన ఉంది. మా గ్రూప్ ఫోటోలోంచి దాని మొహం వరకు కత్తిరించి వేశారు. భుజం మీద ఎవరివో నాలుగు వేళ్లు మిగిలిపోయాయి. "నావే" అన్నాను. "నీవి కాదే, నావి. ఉంగరం చూడు" అని లాక్కుందొకతి. 'ఏవే' అని పిలిపించుకుని ఎన్నేళ్లయిందో.

సంతకాలయ్యాక వాళ్లమ్మ అడిగింది: "కోర్టు ఒప్పుకుంటే, ఏ తేదీన పోయిందని రాస్తారు బాబూ?" ఏడేళ్లు గడిస్తే మనిషి లేదనుకోవడం వరకే చట్టం, ఏ రోజున అన్నది దాంట్లోంచి రాదు. 2004లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. ఆయన ఓపిగ్గా చెప్పారు. ఆవిడ విని, "అయితే ఖాళీగానే ఉంచండి" అంది.

చెప్పొద్దూ, మేమేం కావలించుకుని ఏడవలేదు. ఆ రోజు పొద్దున ఎవరు దాని మీద కేకలేశారో అన్న విషయం ఇంకా అలాగే ఉంది, దాని జోలికి ఎవరం పోలేదు. కాకపోతే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. వాయిదా మారిందని నిన్న అందులో మెసేజ్ వచ్చింది. ముగ్గురం వెళ్తున్నాం, ఎవరి బండి మీద వాళ్లం.