పావు రేటు వేళ

1995లో నేను మన కళాశాలలో బీఎస్సీలో చేరేనాటికి హాస్టల్ మెస్ బిల్లు కట్టే స్తోమత మా ఇంట్లో లేదు. నాన్నగారిది కౌలు సేద్యం. పైగా ఆ ఏడు పత్తిని పురుగు తినేసింది. సీనియర్ ఒకరు నన్ను గుంటూరు కొత్తపేటలో, డబ్బిచ్చి దూరపు ఊళ్లకు ఫోను చేసుకునే ఒక ఎస్టీడీ బూతులో కుదిర్చారు. సాయంత్రం 7 గంటల నుంచి అర్ధరాత్రి దాకా కూర్చుంటే నెలకు 400 రూపాయలు. ఇలాంటి పబ్లిక్ కాల్ ఆఫీసుల (పీసీవోల) మంజూరులో దివ్యాంగులకు ప్రాధాన్యమిచ్చిన రోజులవి. పోలియో సోకిన మా యజమాని మూడుచక్రాల బండి మీద వచ్చి లెక్క చూసుకుని వెళ్లేవారు.

రాత్రి 11 దాటితే పగటి ధరలో నాలుగో వంతే పడేది కనుక పదిన్నర నుంచే జనం బారులు తీరేవారు. ఆసుపత్రుల పేట కావడంతో వారిలో ఎక్కువమంది రోగుల బంధువులే. కర్ణాటకలోని గంగావతి దగ్గర తెలుగు రైతుల క్యాంపుల్లో స్థిరపడిన అన్నదమ్ములకు కబురు చెప్పాలంటే, చీటీ మీద రాసుకొచ్చిన పీపీ నంబరుకు, అంటే వాళ్ల ఇరుగుపొరుగువారి ఫోనుకు చేసి, ఫలానా వారిని పిలిపించండని చెప్పి పెట్టేసి, పది నిమిషాలాగి మళ్లీ చేయాలి. మాట్లాడేవారి చూపు మాత్రం మీటరులో పరుగెత్తే ఎర్రటి అంకెల మీదే ఉండేది. ఆపరేషను సంగతి చెబుతూ చెబుతూ నడిమిట్లో పెట్టేసి, జేబులో చిల్లర లెక్కపెట్టుకునేవారు. ఒక రాత్రి ఫిజిక్స్ రికార్డు రాస్తూ నేను కునుకు తీసిన సమయంలో ఎవరో మాట్లాడి చల్లగా జారుకున్నారు. ఆ 62 రూపాయలూ నా జీతంలోంచే పోయాయి, అది న్యాయమే.

న్యాయం కానిది మరొకటుంది. ఉదయం మొదటి గంటలో నిద్రపోతూ పట్టుబడ్డప్పుడల్లా జ్వరమని చెప్పానే గాని, పని చేస్తున్నానని చెప్పలేకపోయాను. చెప్పుకుంటే నామోషీ అనుకునేవాళ్లం. హాజరు 75 శాతం కన్నా తగ్గింది. హాజరు లోటును మన్నించి పరీక్ష రాయనిచ్చేందుకు కండోనేషన్ ఫీజు కట్టింది కూడా బూతు జీతంతోనే!

ఇప్పుడు మా అబ్బాయి అమెరికాలో తన విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనే పని చేస్తున్నాడు. అక్కడ 1964 నాటి చట్టంతో మొదలైన ఫెడరల్ వర్క్ స్టడీ నిధులు, అంటే చదువుకుంటూ పని చేసే విద్యార్థుల జీతాలకు ప్రభుత్వమిచ్చే సాయం, విదేశీ విద్యార్థులకు వర్తించవు; అయినా ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీదున్నవారు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు. వాడి తరగతుల వేళలు చూసే డ్యూటీ వేస్తారట. బయట పెట్రోలు బంకుల్లో చాటుగా చేసి వీసా మీదికి తెచ్చుకునే మనవాళ్లూ లేకపోలేదు, అది వేరే కథ.

మా రోజుల్లో మన గ్రంథాలయానికి సాయంత్రం 5 గంటలకే తాళం పడేది, కూర్చునే మనిషి లేడని. హాస్టల్ విద్యార్థులు ఇద్దరికి జీతమిచ్చి దాన్ని రాత్రి 9 దాకా తెరిపించాలని మన పూర్వ విద్యార్థుల సంఘానికి నా విన్నపం. మొదటి ఏడాది జీతాల్లో నా వాటాను ఈ వ్యాసంతో పాటే కోశాధికారిగారికి పంపుతున్నాను.