దంబుల్ల గుహల్లో మన నాయకరాజు

దంబుల్ల నుంచి చెన్నై వచ్చి మూడు రోజులైంది, అరికాళ్లు ఇంకా చురుక్కుమంటున్నాయి. మీనంబాక్కంలో విమానమెక్కితే గంటన్నరలోపే శ్రీలంక. కొలంబో నుంచి దంబుల్ల 150 కిలోమీటర్లు. అంతవరకు ఇబ్బందేం లేదు.

కొండమీది బౌద్ధ గుహాలయానికి టికెట్ మాత్రం కిందే తీసుకోవాలి, పైన ఇవ్వరు. కొండ కిందున్న బంగారు బుద్ధుణ్ణి చూసిన ఊపులో మెట్లెక్కేసి, గుమ్మం దాకా పోయి ఉసూరుమంటూ దిగినవాళ్లను చూశాం. ఎక్కాల్సింది దాదాపు 160 మీటర్లు. తిరుమల నడిచినవాళ్లకు అదొక లెక్క కాదు, కానీ చేతిలో కవరు కనబడితే కోతులు వదలవు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, టోపీ తీసేయాలి. చెప్పులు వాకిట్లోనే. లోపలి ఆవరణంతా రాయి, మధ్యాహ్నానికి పెనమే. మేజోళ్లకు అభ్యంతరం లేదు, ఒక జత వెంట ఉంచుకోండి. తలుపులు తెరిచే వేళకు వెళ్తే ఆ బాధే ఉండదు.

పౌర్ణమి పుణ్యమని మేం ఆ రోజే పెట్టుకున్నాం. శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ సెలవు, ఊళ్లకు ఊళ్లే తెల్లబట్టలతో వచ్చేస్తాయి. మొదటి గుహలో 14 మీటర్ల శయన బుద్ధుడు. చోటు ఎంత ఇరుకంటే స్వామి ఒకేసారి పూర్తిగా కనబడడు. ఎర్రటి పాదాలు చూసి, ముఖం వైపు జరిగేలోపు వెనకవాళ్లు తోసేశారు. తీర్థం, శఠారి, కొబ్బరికాయ ఏవీ ఉండవు. తామరపువ్వులు వాసన చూడకుండా బల్లమీద పెట్టి దణ్ణం పెట్టుకోవడమే. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగితే ఊరుకోరు.

రెండో గుహ 52 మీటర్ల పొడవు. గుమ్మం దాటగానే రెండు నిమిషాలు ఆగండి. కళ్లు చీకటికి అలవాటుపడ్డాకే కప్పుమీది బొమ్మలు తేలతాయి. లోపల ఒకచోట రాతిలోంచి చుక్కచుక్కగా రాలే నీళ్లను పాత్రలో పడతారు. వానధార మాత్రం లోపలికి రాదు, గుహల పైన బండ అంచున చెక్కిన గాడి దాన్ని బయటికే జార్చేస్తుంది.

క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో దక్షిణాది దండు తరిమితే సింహళ రాజు వలగంబా తలదాచుకున్న చోటిది. గద్దె మళ్లీ దక్కాక గుడి చేశాడు. తర్వాత పద్దెనిమిది శతాబ్దాలకు మూడో గుహను గుడిగా తీర్చింది కీర్తి శ్రీ రాజసింహుడు, 1747 నుంచి 1782 దాకా శ్రీలంకలోని కాండీ రాజ్యాన్ని ఏలిన నాయక వంశీయుడు. మధురై నుంచి వెళ్లిన తెలుగు మూలాలవాళ్లే! తరిమిందీ మనవైపువాళ్లే, కట్టించిందీ మనవైపువాళ్లే.

కీర్తి శ్రీ విగ్రహం ఆ మూడో గుహలోనే ఉంది. బుద్ధుడి వైపు ఎగబడే జనంలో ఎవరూ ఆగి చూడరు. మిగిలిన రెండు తామరలు ఆయన పాదాల దగ్గర పెట్టబోతే, కాపలా ఆయన తల అడ్డంగా ఊపి బుద్ధుడి ముందున్న బల్ల చూపించాడు. అక్కడే పెట్టాం.