సంగటిని నమిలిన ఆదివారం

ఆదివారం రాత్రి, కర్నూలు

మెత్తని ఆహారం దశ అయిపోయింది, ఇక మెల్లగా గట్టి ఆహారానికి మారవచ్చని డైటీషియన్ ఫోనులో చెప్పినప్పటి నుంచి ఇంట్లో అందరికీ సంబరం, నాకు గుబులు. బరువు తగ్గడానికి చేయించుకున్న ఆపరేషన్ తరువాత తేట నీళ్లు, పలచని మజ్జిగ, పప్పుకట్టు, ఆ పైన మెదిపిన గుడ్డు, పనీరు. ఒక్కో మెట్టు ఎక్కుతూ ఇక్కడిదాకా వచ్చాను. అవన్నీ గొంతు దిగితే చాలు, మిగతా పని వాటంతట అదే జరిగిపోయేది. గట్టి ఆహారం అలా కాదు. దాని పని నోట్లోనే సగం పూర్తి కావాలి.

హైదరాబాద్‌లో నాకు చేసింది స్లీవ్ ఆపరేషన్. జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతుల వరకు తీసేసి, సన్నని గొట్టంలాంటి భాగాన్ని మాత్రమే ఉంచుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన పైభాగంలోనే. అందుకే మునుపటి ఆకలి ఇప్పుడు లేదు. పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను కనుక ఈ సంగతులేవీ నాకు కొత్త కావు. అయినా సెలవు ముగిసి బడికి వెళ్లాక బోర్డు మీద జీర్ణవ్యవస్థ బొమ్మ గీస్తుంటే, జీర్ణాశయం దగ్గరికి వచ్చేసరికి చేయి ఒక్క క్షణం ఆగింది.

పొద్దున మా ఆయనతో కలిసి సి.క్యాంపు రైతు బజారుకు వెళ్లాను. వచ్చేటప్పుడు ఆయన ఉగ్గాని బండి దగ్గర ఆగారు. నానబెట్టి పిండిన బొరుగులు తాళింపులో పడిన వాసన, పైన చల్లిన పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. ఆయన తింటూ నా ముఖం చూసి పొట్లం మడవబోయారు. తినండి, నాకేమీ కాదన్నాను. నిజంగానే ఏమీ కాలేదు. బొరుగులు మెత్తనివే కదా, నువ్వూ తినొచ్చేమో అని ఆయన అడిగితే వివరంగా చెప్పాను. మెత్తనివి జారిపోతాయి, కడుపులో నిలవవు. నిలవనివి ఎంత తిన్నా చాలు అన్న కబురు రాదు. పైగా అందులో మాంసకృత్తులు తక్కువ. నాకు రోజుకు అరవై గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. చారెడు కూడా పట్టని కడుపులో ముందుగా దేనికి చోటివ్వాలో ఆలోచించి తీరాలి.

మధ్యాహ్నం అత్తమ్మ సంగటి, నాటుకోడి పులుసు చేసింది. నా కోసం కొంచెం కూర కారం లేకుండా విడిగా తీసి, ఇంకాసేపు ఉడికించింది. వడ్డించే ముందు నా పక్కన కూర్చుని, ముక్కను వేళ్లతో పీచులు పీచులుగా విడదీసి, ప్రతి పీచునూ వెలుతురుకు పట్టి చూసింది. నాటుకోడి ఎముకలు సన్నగా విరుగుతాయని ఆవిడ భయం. పెద్దావిడ వేళ్లకు పులుసు అంటుకుని ఎర్రగా మెరుస్తోంది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆవిడ నాకు అంత తక్కువ వడ్డించిందీ లేదు, అంత శ్రద్ధగా వడ్డించిందీ లేదు.

నియమం తెలిసిందే. ముందు మాంసకృత్తులు, తరువాత కూర, చోటుంటే చివర సంగటి. కోడి పీచును నోట్లో పెట్టుకుని, అది గుజ్జుగా మారేవరకు నమిలాను. దవడలు నొప్పెట్టాయి. మింగి, చేయి ఒడిలో పెట్టుకుని ఆగాను. రొమ్ము ఎముక కింద బరువుగా అనిపించలేదు. మళ్లీ ఇంకొక పీచు.

చివరకు ఉసిరికాయంత సంగటి ముద్ద తీసుకుని నమలడం మొదలుపెడితే అత్తమ్మ ఉండబట్టలేకపోయింది.

"సంగటిని నములుతారా ఎవరైనా? అది మింగేది కదమ్మా!"

ఆవిడ మాట అక్షరాలా నిజం. మా వైపు సంగటిని పులుసులో అద్ది మింగుతారు. పొలానికి వెళ్లేవాళ్లు పొద్దున్నే రెండు ముద్దలు మింగితే మధ్యాహ్నం దాకా ఆకలి అనరు. నమిలితే పళ్లకు అంటుకుంటుంది, చిన్నప్పుడు మేము నమిలితే మా అమ్మ కూడా కసిరేది. ఇప్పుడు నేను మింగితే ఆ ముద్ద గొట్టం మొదట్లోనే నిలిచిపోతుంది. "నాకిప్పుడు అన్నీ నమిలేవే అత్తమ్మా" అన్నాను. ఆవిడ మరి మాట్లాడలేదు.

నోట్లో ఎక్కువసేపు ఉంచేసరికి సంగటి కాస్త తియ్యబడింది. లాలాజలంలోని టయలిన్ పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుందని ఎన్ని తరగతుల్లో చెప్పి ఉంటానో! రాగుల తీపి నా నాలుకకు తెలిసింది మాత్రం ఈ రోజే. కళ్లలో నీళ్లు తిరిగాయి. పుట్టినప్పటి నుంచి తింటున్న తిండికి ఇంత రుచి ఉందని నాకు తెలియదు.

ఇంకొక ముద్ద తీసుకుంటుండగా ఎక్కిళ్లు వచ్చాయి, ముక్కు కారింది. చాలు అనే గుర్తు అది. కంచంలో కోడి మిగిలింది, సంగటి మిగిలింది. మా ఆడపడుచు "ఇంకొక్క ముద్ద వదినా, నా మాట విని" అంది. ప్రేమతో అన్న మాటే. మా ఇళ్లలో కొసరి కొసరి వడ్డించడమే ప్రేమ, వద్దంటే నొచ్చుకుంటారు. నేను సమాధానం వెతుక్కునే లోపే అత్తమ్మ నా కంచం తీసి పక్కన పెట్టింది. "దానికి చాలు. నువ్వు తిను" అంది కూతురితో. ఆవిడకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆశ్చర్యమేమిటంటే, ఆ నాలుగు పీచుల కోడి సాయంత్రం వరకు కడుపులో నిలిచింది. జావలు తాగిన వారాల్లో గంట గడవకముందే వెలితిగా ఉండేది. నేను భయపడిన గట్టి ఆహారమే నాకు ఆసరా అవుతోంది.

సాయంత్రం ఎదురింటావిడ వచ్చి, "మీకేమమ్మా, కడుపు కోయించుకున్నారు, కష్టపడకుండానే సన్నబడతారు" అని వెళ్లింది. ఈ మాట ఎవరన్నా నేను ఒప్పుకోను. మోకాళ్లు పట్టేసి, షుగరు పెరిగి, డాక్టర్లు అన్నీ ఆలోచించి చెప్పాక చేయించుకున్న ఆపరేషన్ ఇది. అది నాకొక పనిముట్టు ఇచ్చింది. పని మాత్రం పూటపూటా నేనే చేయాలి. నమలడం నా పని. తినేటప్పుడు నీళ్లు తాగకుండా, తిన్నాక అరగంట ఆగి గుక్కగుక్కగా తాగడం నా పని. ఐరన్ మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య రెండు గంటలు ఎడం ఉంచి, బి12తో సహా అన్నీ బతికినంతకాలం వేసుకోవడం నా పని. కష్టం లేదని ఎలా అంటారు?

రేపు బడి. మధ్యాహ్నం గంట కొట్టాక పిల్లలను వరుసలో నిలబెట్టి, వాళ్ల కంచాల్లో అన్నం పడేవరకు చూసి, అప్పుడు నా డబ్బా తెరవాలి. మిగిలే సమయంలో హడావిడిగా తినడం ఇక కుదరదు, నాకు నిదానంగా అరగంట కావాలి. తెలుగు టీచరు గారికి ఫోను చేసి అడిగాను. భోజనం తరువాతి పీరియడ్ తాను తీసుకుంటానని, తన ఆఖరి పీరియడ్ నన్ను తీసుకోమని వెంటనే ఒప్పుకున్నారు. డబ్బాలోకి ఒక ఉడికించిన గుడ్డు, రెండు చెంచాల పెసరపప్పు, బీరకాయ కూర. అన్నం వద్దనుకున్నాను. మా సోనా బియ్యం ఎంత మెత్తగా వండినా లోపలికి వెళ్లి ఉబ్బుతుంది, దానికింకా సమయం ఉంది. అత్తమ్మ మిగిలిన కోడిని పీచులు తీసి ఫ్రిజ్‌లో పెట్టింది, రాత్రికి పనికొస్తుందట.