లైఫ్‌లైన్ ఫోన్: టెంట్ దగ్గర సంతకం పెట్టే ముందు

అమెరికాలో డాలర్ స్టోర్ల ముందు, వెల్ఫేర్ ఆఫీసుల పక్కన చిన్న టెంట్ వేసుకుని, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే లైఫ్‌లైన్ పథకం పేరుతో "ఫ్రీ ఫోన్" అని పిలుస్తుంటారు. పది నిమిషాల్లో ఫోన్ చేతికొస్తుంది. ఇంటికెళ్లాక వంటింట్లో ఒక గీత సిగ్నల్, పడకగదిలో అదీ ఉండదు. తప్పు పథకంలో లేదు. ఫోన్‌ని చూసి కంపెనీని ఎంచుకోవడంలోనే ఉంది.

ప్రభుత్వం ఇచ్చేది అసలు ఫోన్ కాదు. లైఫ్‌లైన్ 1985లో ల్యాండ్‌లైన్ బిల్లు తగ్గించడానికి మొదలైన పథకం, సెల్‌ఫోన్లకి తర్వాత వచ్చింది. ఇప్పుడు అర్హత ఉన్న ఒక్కో కుటుంబానికి నెలకి 9.25 డాలర్ల వరకు (ట్రైబల్ భూముల్లో 34.25 వరకు) కంపెనీ ఖాతాకి వెళ్తుంది. మీరు ఏ కంపెనీకి వెళ్లినా కేంద్రం ఇచ్చేది ఇంతే. మొబైల్ డేటా ప్లాన్ అయితే నెలకి కనీసం 4.5 జీబీ ఇవ్వాలి, కేవలం కాల్స్ ప్లాన్ అయితే 1000 నిమిషాలు. ఫోన్ ఇవ్వాలన్న రూలు లేదు. ఇస్తే అది కంపెనీ సొంత ఖర్చు, అందుకే స్టోరేజీ తక్కువున్న నాసిరకం ఫోన్లే ఎక్కువ వస్తాయి. వాట్సాప్ నిండా మనవళ్ల ఫొటోలు, వీడియోలు వచ్చిపడే పెద్దవాళ్లకి అది నెల తిరక్కుండానే నిండిపోతుంది.

నెలకి 30 డాలర్ల తగ్గింపు అని ఇంకా తిరుగుతున్న పోస్టులని పక్కన పెట్టేయండి. అది ఇంటర్నెట్ బిల్లు తగ్గించిన ఏసీపీ అనే వేరే పథకం. నిధులైపోయి 2024 జూన్ 1కి ఆగిపోయింది. విక్ (తల్లులకి, చిన్నపిల్లలకి ఆహార సాయం), పెల్ గ్రాంట్ (కాలేజీ చదువుకి సాయం) ఉంటే చాలన్నది ఆ ఏసీపీ రూలే, లైఫ్‌లైన్‌కి పనికిరాదు. లైఫ్‌లైన్‌కి మెడికెయిడ్ (వైద్య సాయం), స్నాప్ (ఆహార సాయం), ఎస్‌ఎస్‌ఐ (ఆదాయం తక్కువున్న వృద్ధులకి, వికలాంగులకి నెలవారీ సాయం), ఫెడరల్ హౌసింగ్ సాయం, వెటరన్స్ పెన్షన్, వీటిలో ఒకటి ఉండాలి. లేదంటే ఇంటి ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకి 135 శాతం లోపు ఉండాలి. 2025 లెక్కల ప్రకారం ఒక్కరే ఉంటే ఏడాదికి సుమారు 21,100 డాలర్లు, నలుగురుంటే సుమారు 43,400. అలాస్కా, హవాయిలకి ఇంకాస్త ఎక్కువ.

మన ఇళ్లలో చిక్కంతా "హౌస్‌హోల్డ్" అనే మాట దగ్గరే. కుటుంబానికి ఒక్క లైఫ్‌లైనే. కుటుంబం అంటే ఒకే అడ్రసులో ఉంటూ ఆదాయం, ఖర్చు కలిపి నడుపుకునేవాళ్లు. మన భాషలో ఒకే కుంపటి. కొడుకు ఇంట్లో ఉండే అమ్మానాన్నలు తిండీ తిప్పలూ అన్నీ కొడుకు సంపాదన మీదే వెళ్లదీస్తుంటే, ఆదాయం దారిలో అతని జీతం కూడా లెక్కలోకి వస్తుంది. అదే ఒక అపార్ట్‌మెంట్‌ని పంచుకుంటూ ఎవరి ఖర్చు వాళ్లు పెట్టుకునేవాళ్లవి వేరు కుంపట్లు, ఎవరికి వాళ్లు అప్లై చేసుకోవచ్చు. కానీ ఆ అడ్రసులో అప్పటికే ఒక లైఫ్‌లైన్ ఉంటే హౌస్‌హోల్డ్ వర్క్‌షీట్ అనే ఫారం నింపమంటారు. అందులో అబద్ధం రాయకండి, అది చట్టపరమైన ప్రమాణం. గ్రీన్‌కార్డుతో కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకి చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్, స్నాప్ మొదటి ఐదేళ్లు దొరకవు, కాబట్టి ఆ దారి కూడా అప్పటిదాకా మూసే ఉంటుంది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీదున్న పిల్లలు దీని జోలికి పోకుండా చవక ప్రీపెయిడ్ ప్లాన్ చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అప్లికేషన్ టెంట్‌లో పెట్టకండి. లైఫ్‌లైన్ సపోర్ట్ డాట్ ఆర్గ్‌లో అర్హత సరిచూసే నేషనల్ వెరిఫయర్ ఉంది, ఇంట్లో కూర్చుని మీరే పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ కుదరకపోతే పోస్టులో. సాయం కావాలంటే 1-800-234-9473. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం పద్ధతి వేరుగా ఉండొచ్చు, ముందు మీ రాష్ట్రం సైటు చూడాలి. అర్హత ఖాయమయ్యాక కంపెనీలో చేరడానికి 90 రోజులు ఉంటాయి. అంటే తీరిగ్గా వెతుక్కోవచ్చు. టెంట్‌లో అయితే వాళ్ల కంపెనీ ఒక్కటే. ఎవరడిగినా స్నాప్ కార్డు పిన్ మాత్రం చెప్పొద్దు, ఈ పనికి దాని అవసరమే లేదు.

మనవాళ్ల అప్లికేషన్లు ఆగేది ఎక్కువగా పేరు దగ్గరే. పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబర్‌లో చివరి నాలుగంకెలు కలిపి సరిచూస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడ్డవాళ్లు, రెండు ముక్కల ఇంటిపేరు ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి రాసుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే కొట్టండి. అయినా సరిపోలేదంటే గుర్తింపు పత్రం అప్‌లోడ్ చేయమంటారు. ఆదాయం చూపించాలంటే కిందటేడు టాక్స్ రిటర్ను, లేదా వరసగా మూడు నెలల పే స్టబ్‌లు (జీతం చీటీలు). ఒక్క నెలది పెడితే తిప్పి పంపుతారు. ఇంటి అడ్రసుగా పీఓ బాక్స్ చెల్లదు.

ఇక కంపెనీ. ఎన్ని పేర్లున్నా దేశమంతా టవర్లున్నవి ముఖ్యంగా మూడే: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. లైఫ్‌లైన్ కంపెనీల్లో చాలావరకు వాటి మీదే నడుస్తాయి. సేఫ్‌లింక్ వెరైజన్‌ది, అష్యూరెన్స్ వైర్‌లెస్ టీ-మొబైల్‌ది. మీ జిప్ కోడ్‌లో ఎవరున్నారో లైఫ్‌లైన్‌ని నడిపే యూఎస్ఏసీ సంస్థ సైట్‌లోని "కంపెనీస్ నియర్ మీ" పేజీ చూపిస్తుంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ముందు ఏ నెట్‌వర్క్ మీద నడుస్తుందో అడగండి. ఆ నెట్‌వర్క్ వాడే స్నేహితుణ్ని ఇంటికి పిలిచి, పడకగదిలో తలుపేసుకుని ఒక కాల్ మాట్లాడి చూడండి. కవరేజీ మ్యాపులు బయటి సంగతి చెబుతాయి, గోడల లోపలి సంగతి చెప్పవు. ఇంకో మూడు ప్రశ్నలు: డేటా అయిపోతే ఆగిపోతుందా, నెమ్మదిస్తుందా? హాట్‌స్పాట్ ఉందా? సిమ్ ఒక్కటే ఇస్తారా? ఇండియాతో రోజూ వీడియో కాల్ మాట్లాడే ఇంట్లో వైఫై లేకపోతే 4.5 జీబీ నెలంతా రావడం కష్టం. గంట వీడియో కాల్‌కే వందల ఎంబీ పోతుంది.

చేతిలో మంచి ఫోన్ ఉంటే సిమ్ ఒక్కటే తీసుకోవడం మేలు. ఇండియా నుంచి తెచ్చుకున్న ఫోన్‌తో మాత్రం జాగ్రత్త. ఇక్కడ 3జీ 2022లోనే తీసేశారు, కాల్ కూడా 4జీ, 5జీల మీదే వెళ్లాలి. ఫోన్‌లో వోల్టే (4జీ మీద కాల్ మాట్లాడే సదుపాయం) ఉన్నా, ఆ మోడల్‌ని నెట్‌వర్క్ తన జాబితాలో పెట్టకపోతే డేటా వచ్చినా కాల్ వెళ్లకపోవచ్చు. దూరం వెళ్లే, గోడలు దాటే బ్యాండ్లు (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీలు) కూడా చూడాలి: టీ-మొబైల్‌కి 12, 71, వెరైజన్‌కి 13. ఇండియా మోడళ్లలో ఇవి తరచూ ఉండవు. *#06# కొడితే ఐఎంఈఐ అనే ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది, అది కంపెనీకి చదివి, పనిచేస్తుందని చెప్పించుకున్నాకే సిమ్ ఆర్డర్ చేయండి.

పాత నంబరు ఉంచుకోవాలంటే పాత సర్వీసు ముందే రద్దు చేయొద్దు. చేస్తే నంబరు పోతుంది. పాత కంపెనీ నుంచి అకౌంట్ నంబరు, ట్రాన్స్‌ఫర్ పిన్ తీసుకుని కొత్తవాళ్లకివ్వాలి. పోర్ట్ పూర్తయితే పాతది దానంతటదే ఆగుతుంది.

ఏడాదికోసారి రీసర్టిఫికేషన్ (అర్హత ఇంకా ఉందని చూపించడం) ఉంటుంది, ఉత్తరం వచ్చాక 60 రోజులు గడువు. ఇల్లు మారి అడ్రసు మార్చనివాళ్లకి ఆ ఉత్తరం చేరదు.

అంతకంటే ఎక్కువ మంది దెబ్బతినేది ఇండియా ప్రయాణంలో. నెలనెలా మీ దగ్గర డబ్బు తీసుకోని ప్లాన్ అయితే, 30 రోజులు ఫోన్ వాడకపోతే కంపెనీ నోటీసు ఇస్తుంది. ఇంకో 15 రోజుల్లో ఒక కాల్, ఒక మెసేజ్, కాస్త డేటా, ఏదో ఒకటి వాడకపోతే లైన్ తీసేస్తుంది. సంక్రాంతికి వెళ్లి ఉగాది దాకా ఉండి వచ్చేసరికి నంబరు ఉండదు. బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తుంటే అకౌంటే తెరుచుకోదు. నెల దాటే ప్రయాణమైతే, బయల్దేరడానికి వారం ముందే నంబరుని ఏదైనా చవక పెయిడ్ ప్లాన్‌లోకి పోర్ట్ చేసుకోండి. తిరిగొచ్చాక లైఫ్‌లైన్‌కి మళ్లీ అప్లై చేసి, అదే నంబరుని మళ్లీ తెచ్చుకోవచ్చు.