పేరులో మొదటి అక్షరం

మా అమ్మాయికి మా అమ్మమ్మ పేరు పెట్టుకున్నాం. ఆ పేరు హకారంతో మొదలవుతుంది. మేముండేది ఫ్రాన్సులో. ఫ్రెంచివాళ్లు హకారాన్ని రాస్తారు కానీ పలకరు. బడిలో చేరిన రోజు నుంచి ఆ పేరు తల లేకుండానే వినిపిస్తోంది. ఈ సెప్టెంబరులో ఒక సాయంత్రం తను ఇంటికి వచ్చి, "అమ్మా, ఇకనుంచి నా పేరు అన్నా. అలాగే పిలవమని అందరికీ చెప్పేశాను" అంది. నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

అక్టోబరు చివరి సెలవుల్లో, మేముండే సాంతెతియెన్ నగరం నుంచి లె షాంబోన్ సుర్ లిన్యోన్‌కు వెళ్లాం. దాదాపు 1000 మీటర్ల ఎత్తున, పైన్ చెట్ల మధ్య, రెండున్నర వేల జనాభా ఉన్న ఊరు. బూడిదరంగు రాతి ఇళ్లు, పక్కనే లిన్యోన్ ఏరు. చలికాలంలో వీచే ఉత్తరపు గాలికి ఇక్కడ 'బుర్ల్' అని పేరు.

కాథలిక్కుల దేశంలో ఇది ప్రొటెస్టెంట్ల ఊరు. 1598లో నాంత్ శాసనం అనే రాజాజ్ఞ వాళ్లకిచ్చిన ఆరాధనా స్వేచ్ఛను రాజు 14వ లూయీ 1685లో లాగేసుకున్నాడు. ఆ తర్వాత నూరేళ్లు వీళ్ల పూర్వీకులు రహస్యంగా ప్రార్థనలు చేసుకున్నారు.

ఈ ఊరి మంచితనం గురించి రాసేవాళ్లు ఎక్కువగా రెండో ప్రపంచయుద్ధ కాలంతో మొదలుపెడతారు. నాకు మాత్రం 1893 ముఖ్యమనిపిస్తుంది. ఆ ఏడు మా సాంతెతియెన్‌లోని లూయీ కోంత్ అనే పాస్టరు, బొగ్గుపొగలో పెరుగుతున్న కార్మికుల పిల్లలను వేసవిలో ఈ కొండమీది రైతుల ఇళ్లకు పంపడం మొదలుపెట్టాడు. 1902లో చిన్న రైలు వచ్చింది. ముక్కూమొహం తెలియని పిల్లలు సంచితో దిగడం, రైతు ఇల్లాలు బల్ల మీద ఇంకో పళ్లెం పెట్టడం రెండు తరాలపాటు ఇక్కడ మామూలు విషయం. అందుకే 1940 తర్వాత అదే రైల్లో నాజీల నుంచి తప్పించుకున్న యూదుల పిల్లలు దిగినప్పుడు ఈ ఊరికి ఏం చేయాలో తెలుసు.

1942 ఆగస్టులో పోలీసులు బస్సులతో వచ్చి యూదుల పేర్లు చెప్పమంటే, పాస్టరు ఆంద్రే త్రోక్మే చెప్పలేదు. ఊరివాళ్లూ చెప్పలేదు. అందరూ బతికి బయటపడలేదు: 1943 జూన్‌లో జర్మన్లు ఒక విద్యార్థి వసతిగృహం మీద పడి విద్యార్థులతోపాటు వాళ్ల బాగోగులు చూసే దానియెల్ త్రోక్మేను పట్టుకుపోయారు. అతను నాజీల మైదానెక్ శిబిరంలో చనిపోయాడు. 1990లో, నాజీలు చంపిన యూదుల స్మృతి కోసం ఇజ్రాయెల్ నడిపే యాద్ వషేం సంస్థ ఈ ఊరినీ చుట్టుపక్కల పల్లెలనూ కలిపి గౌరవించింది.

ప్రార్థనామందిరం గుమ్మం మీద "ఒకరినొకరు ప్రేమించండి" అని చెక్కి ఉంది. దాని ఎదురుగా 2013లో తెరిచిన స్మారక ప్రదర్శనశాల. దొంగ గుర్తింపు కార్డుల గురించి చదువుతూ మా అమ్మాయి చాలాసేపు నిలబడిపోయింది. ఆస్కార్ రోసోవ్‌స్కీ అనే ఇరవై ఏళ్లు నిండని కుర్రవాడు ఈ ఊళ్లో అలాంటి కాగితాలెన్నో తయారుచేశాడు. ప్రాణం నిలవాలంటే ఫ్రెంచి పేరు కావాలి.

"యుద్ధం అయిపోయాక వాళ్ల పేర్లు వాళ్లకు తిరిగి వచ్చాయా?" అని అడిగింది.

కొందరు తీసుకున్నారనీ, కొందరు కొత్త పేరే ఉంచుకున్నారనీ చెప్పాను. తన పేరు ఊసెత్తలేదు. ఆ పిల్లల భయం పక్కన మా ఇంటి గొడవను పెట్టడం తప్పు. పైగా పేరు మార్చుకుంటానన్న పిల్ల మీద కోప్పడ్డానే గానీ, ఎందుకని ఒక్కసారీ అడగలేదని అప్పుడు తట్టింది.

రాత్రికి ఒక రైతు ఇంట్లో గది తీసుకున్నాం. సూపు వడ్డిస్తూ డెబ్బై దాటిన ఆ ఇంటావిడ పేరడిగింది. మా అమ్మాయి ఒక్క క్షణం ఆగి అమ్మమ్మ పేరు చెప్పింది. ఆవిడ మొదటి అక్షరం మింగేసింది.

"అలా కాదు మేడమ్, రండి" అంటూ తను ఆవిడను కిటికీ దగ్గరకు తీసుకెళ్లింది. చల్లటి అద్దం మీద "హ" అని ఊదింది. అద్దం మసకబారింది. ఆవిడ కూడా అద్దానికి మొహం దగ్గరగా పెట్టి ప్రయత్నించింది. మొదటిసారి ఏమీ రాలేదు. మూడోసారికి రూపాయి బిళ్లంత మసక పడింది.

"ఇప్పుడు మొత్తం పేరు చెప్పండి" అంది మా అమ్మాయి.