సీతానగరం నుంచి బెజవాడకు బ్యారేజీ మీద నడిచి

గుంటూరు నుంచి బెజవాడ వెళ్లేవాళ్లలో చాలామంది ఇప్పుడు కనకదుర్గ వారధి మీదుగానే పోతున్నారు. నేను సీతానగరం దగ్గర దిగి, ప్రకాశం బ్యారేజీ మీద నడిచి వెళ్లాను. తోడు మా బాబాయి, కాలువల మీద లస్కరుగా, అంటే గేట్లు, నీళ్లు చూసుకునే పనివాడిగా చేసి రిటైరైన మనిషి.

బ్యారేజీ పొడవు 1223 మీటర్లు, ఖానాలు, అంటే గేట్లు బిగించిన ఖాళీలు, 70. లారీల్ని రానివ్వరు కాబట్టి నడక హాయిగానే సాగింది. జనమంతా నీళ్ల వైపు తిరిగి ఫొటోలు దిగుతుంటే బాబాయి నా భుజం పట్టుకుని ఆపాడు.

"నీళ్లు ఎక్కడికీ పోవు గానీ, ముందు ఆ కౌంటర్ వెయిట్లు చూడరా."

ఒక్కో ఇనుప గేటు 40 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు. నిండుగా నీళ్లు నిలిచినప్పుడు దాని మీద పడే తోపుడు లెక్క కట్టాను: 80 టన్నులు దాటింది. అలాంటిదాన్ని మోటారు ఒక్కటే లాగాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అందుకే పైనుంచి ఒక పక్క గేటు, మరో పక్క గేటు సొంత బరువుకు దీటైన బరువు వేలాడదీశారు. అదే కౌంటర్ వెయిట్. మన ఏతాం సూత్రమే. గేటు లేస్తే బరువు దిగుతుంది, గేటు దిగితే బరువు లేస్తుంది.

ఇది అర్థమయ్యాకే 2024 సెప్టెంబరు సంగతి నాకు సరిగ్గా తెలిసొచ్చింది. 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. గేట్లన్నీ ఎత్తేశారు, అంటే బరువులు కిందికి దిగి ఉన్నాయి. పైనుంచి కొట్టుకొచ్చిన పడవలు వాటినే గుద్దాయి.

మధ్యలో ఆగి దిగువకు చూస్తే రైలు వంతెనల ఇనుప గర్డర్లు. ఇక్కడ మొదటి రైలు వంతెన 1890ల నాటిది. అడ్డంగా, ఏటవాలుగా బిగించిన కడ్డీలన్నీ త్రికోణాలే. చతురస్రాన్ని మూలలు పట్టి నొక్కితే వాలిపోతుంది, త్రికోణం వాలదు. ఓ గూడ్సు పోతుంటే ఆ మోత మేం నిలబడ్డచోటికీ వినిపించింది.

అసలు ఇక్కడ నదికి అడ్డుకట్ట పడింది ఆకలి వల్ల. 1832-33 కరువు గుంటూరు జిల్లాను తుడిచిపెట్టింది. కాటన్ దొర పట్టుదల తోడై, కెప్టెన్ ఓర్ చేతి మీదుగా 1852లో మొదలైన ఆనకట్ట 1855కి పూర్తయింది. రాయి అటూ ఇటూ ఉన్న కొండలదే. ఇసుక మీదే రాళ్లు వెడల్పుగా పేర్చి బరువును పరిచేశారు. దాదాపు వందేళ్లు నిలిచి 1952 వరదకు తెగింది. ఈ బ్యారేజీ పని 1954లో మొదలై 1957 డిసెంబరులో ముగిసింది. ఆ ఏడాది మే నెలలోనే కన్నుమూసిన ప్రకాశం పంతులు పేరు దీనికి పెట్టారు.

ఇంత చరిత్ర ఉన్నచోట గేటు ఎలా లేస్తుందో చూపించే చిన్న నమూనా ఒకటి పిల్లల కోసం పెట్టాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. బాబాయి లాంటివాళ్లు పక్కన నిలబడి చెప్తే ఇంకా మంచిది. బెజవాడ ఒడ్డు చేరేదాకా ఆయన గేట్ల గురించే చెప్పాడు: వరద కబురు రాగానే ఏవి ముందు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, కాలువలకు ఎంత వదలాలి అని.