మా ఇంటి సిమెంటు రేకుల లెక్క

మొన్న మేలో మా ఇంటి వెనక వాలు మీది ఇరవై సిమెంటు రేకులు దింపించేశాను. అప్పట్నుంచి వీధిలో ఎదురైన ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతున్నారు, కొత్త రేకు అడుగు ఎంత పడిందని. చెప్తున్నాను. పాతవి ఎలా దింపావు, దింపి ఏం చేశావు అని మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. నన్ను మూడు నెలలు తిప్పింది ఆ రెండో సంగతే కాబట్టి ఇది రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఉన్నది ఒరిస్సాలోనే గానీ పక్కనే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండ మీంచి పనికొచ్చే సవర వాళ్ళతో రెండూ కలిపి. 1993లో నాన్న నాటు పెంకులు తీసేసి ఈ రేకులు వేయించాడు, ఏటా వానలకి ముందు పెంకు సర్దించే గొడవ వదులుతుందని. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మేస్త్రి చూరు దగ్గర రేకుని రంపంతో కోస్తుంటే ఆ పొడి ఆయన కనుబొమల మీద, మీసాల మీద గోధుమపిండిలా పడేది. కోసి పారేసిన ముక్కలకి మాలో మాకు పోటీ. గచ్చు మీద గుండ్రంగా అరగదీస్తే తొక్కుడుబిళ్ళకి అంత మంచి బిళ్ళ ఇంకోటి లేదు, సరిగ్గా గీత మీద ఆగేది. భోగి మంటలో వేస్తే టప్పుమని పేలేది, దానికోసం దాచుకునేవాళ్ళం కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది గానీ అప్పుడు ఎవరికి తెలుసు.

తెలియాల్సింది పెద్ద శాస్త్రమేమీ కాదు. సిమెంటు రేకులో చాలా భాగం సిమెంటే, అందులో 8 నుంచి 10 శాతం దాకా తెల్ల ఆస్బెస్టాస్ అనే రాతి పీచు ఉంటుంది, రేకుకి గట్టిదనం ఇచ్చేది అదే. రేకు బాగున్నంతకాలం ఆ పీచు సిమెంటులో బందీగా ఉంటుంది, కాబట్టి మీ నెత్తిమీద చార్మినార్ రేకు ఉందని ఈ రాత్రి నిద్ర మానుకోవక్కర్లేదు. కోసినప్పుడు, మిషనుతో బెజ్జం వేసినప్పుడు, సుత్తితో పగలగొట్టినప్పుడు, నాచు పట్టిందని ఇనుప బ్రష్‌తో పొడిగా గీకినప్పుడు ఆ పీచు గాల్లోకి లేస్తుంది. కంటికి కనబడదు, ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే కరగదు. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేసింది. జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళు కూడా పడుతుంది కాబట్టి రేకు పనివాడు దగ్గుతుంటే అందరూ బీడీనే తిడతారు. బీడీ కూడా తోడైతే ముప్పు ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుందిట. ఆ రోజు రేకులు కోసిన మేస్త్రి ఏమయ్యాడో నాకు తెలీదు, అమ్మకీ గుర్తులేదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2005కల్లా, ఆస్ట్రేలియాలో 2003 ఆఖరుకల్లా ఆస్బెస్టాస్‌ని నిషేధించారు. మన దేశంలో తవ్వకం ఆగింది గానీ వాడకం ఆగలేదు, పీచు రష్యా లాంటి దేశాల నుంచి ఓడల్లో దిగుతూనే ఉంది.

ఇక మా కథ. 2018 అక్టోబరు 11న తెల్లవారకముందే తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలి మా జిల్లా మీంచే పోయింది. పక్కింటి కొబ్బరిచెట్టు మా వెనక వాలు మీద వాలి ఐదు రేకులు ముక్కలయ్యాయి, మరో నాలుగు చీలాయి. ముక్కలైన చోట కొత్త సిమెంటు రేకులే వేయించి, చీలినవాటికి ఎం-సీల్, దాని మీద తారు పట్టీ, ఆ పైన ఏటా ఇంకో తారు పట్టీ. ఏడేళ్ళు అలా నెట్టుకొచ్చాక ఈసారి వంటింట్లో కుక్కర్ పక్కనే చుక్క పడుతుంటే అమ్మ గిన్నె పెట్టి, "నువ్వు మారుస్తావా, నన్ను మార్చమంటావా" అంది.

ఇల్లు ముప్పై అడుగులకి ఇరవైనాలుగు. చూరుతో కలిపి రెండు వాలులూ తొమ్మిది వందల చదరపు అడుగులు వస్తాయి. మొత్తం నలభై రేకులు, ఒక్కోటి ముప్పై కిలోల పైమాటే.

ముందు స్లాబ్ అడిగాను, అందరికీ ఉండే ఆశే. మావి మట్టి అడుసుతో కట్టిన పాత గోడలు, స్లాబ్ బరువు మోయవు, స్తంభాలు లేపాలి అన్నాడు మేస్త్రి. ఐదున్నర లక్షల దగ్గర మొదలుపెట్టాడు. బావ ఫోన్ చేసి ఆవాస్ యోజనకి పెట్టుకోరాదా అన్నాడు. అది దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్ళకి బావా, మనది సర్కారు సర్వేల లెక్కలో పక్కా కప్పే అంటే నమ్మలేదు. కారే రేకు కూడా పక్కాయే మరి.

రెండోది, పాత రేకుల మీదే కొత్త రేకులు పరిచేయడం. ఇది చెప్పిన కాంట్రాక్టరు చాలా ఉత్సాహంగా చెప్పాడు, దింపే ఖర్చు లేదు, ఇంట్లో సామాను కదపక్కర్లేదు, ఒక్క రోజులో పని. విన్నప్పుడు నాకూ బాగానే అనిపించింది. అయితే కొత్త పైపులు బిగించాలంటే పాత రేకుల్లోంచి డ్రిల్లుతో బెజ్జాలు వేయాలి, అంటే వద్దనుకున్న పొడే మళ్ళీ లేస్తుంది. ఇక బరువు. అటక మీదికెక్కి వాసాన్ని వేలితో నొక్కితే బిస్కెట్‌లా లోపలికి పోయింది, చెద. దాంతో ఆ ముచ్చట తీరింది. మీ వాసాలు ఇనుపవైతే, బిగింపు పాత రేకు తొలవకుండా జరిగే వీలుంటే, అది మరీ చెడ్డ ఆలోచనేం కాదు.

మూడోది, మొత్తం దింపి కలర్ కోటెడ్ రేకు, అంటే రంగు పూత ఉన్న ఇనుప రేకు. అర మిల్లీమీటరు మందం రేకు, కింద ఇనుప పైపులు, కూలీ కలిపి నలభై రేకుల జాగాకి లక్షా నలభై వేలు చెప్పారు. నా దగ్గర అంత లేదు. పైగా ముందు వాలు రేకులకి ఒక్క చీలికా లేదు, అటు వాసాలూ బాగున్నాయి. బాగున్నదాన్ని కదిలించడంలోనే పీచు లేస్తుంది గదా. వెనక వాలు మాత్రం మార్చి ముందుది ఉంచేద్దామనుకున్నాను. కొంతమంది ఆస్బెస్టాస్ లేని సిమెంటు రేకు వేసుకోమన్నారు, అదీ వస్తోంది, చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, ఎండకి ఇనుప రేకంత కాగదు. మా బజార్లో అడిగితే కొట్టువాడు నన్ను వింతగా చూశాడు, తెప్పించాలంటే లోడు ఎత్తాలిట.

వెనక వాలుకి మొత్తం డెబ్బైరెండు వేలయింది. రెండు రకాల రేకులూ కలిసే కొప్పు దగ్గర మూత రేకుని కొలత ఇచ్చి వంపించుకోవాలి, అది వేరే. ముందు వాలుకి పైన తెల్ల కూల్ రూఫ్ పెయింటు, రెండు పూతలు, తొమ్మిది వేలు. సున్నం అయితే వెయ్యిన్నరలో పోయేది గానీ రెండు వానలకి కడుక్కుపోతుంది. రంగుకి ముందు నాచు తీయాలి కదా, కుర్రాడు ఇనుప బ్రష్ పట్టుకుని వచ్చాడు, లాక్కున్నంత పని చేశాను. ముందు బాగా తడిపి, మెత్తటి చీపురుతో తుడిపించాను. ప్రెషర్ పంపుతో కడిగిస్తామంటారు, అది కూడా వద్దు, పైపొర లేచి పీచంతా చుట్టుపక్కల చిమ్ముతుంది.

అసలు దింపుడు సంగతి. మామూలుగా ఎలా చేస్తారో చూసే ఉంటారు. ఒకడు పైకెక్కి సుత్తితో కొడతాడు, ముక్కలు కింద పడతాయి, ఇంకొకడు గంపకెత్తుతాడు. అలా అయితే రేకుకి యాభై రూపాయలు, అర పూటలో అయిపోతుంది అన్నారు. నేను పగలకుండా దింపమన్నాను. నలుగురు మనుషులు, రెండు రోజులు, తొమ్మిది వేలు. వెయ్యితో పోయేదానికి ఎనిమిది వేలు ఎక్కువ పెట్టానని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఆ తొమ్మిది వేలూ ఎక్కడికి పోయాయంటే జె-బోల్టుల దగ్గరికి, అంటే రేకుని వాసానికి పట్టి ఉంచే వంకీ బోల్టులు. ముప్పై ఏళ్ళ తుప్పు, నట్టు తిరగదు. పైనుంచి గ్రైండర్ పెట్టేద్దాం అన్నారు, అది తగిలేది బోల్టుకే కాదు, రేకుక్కూడా. చివరికి ఒకతను లోపల నిచ్చెన వేసుకుని, వాసం కింద బోల్టు వంకీ తిరిగిన చోట హాక్సా బ్లేడుతో కోశాడు. ఒక్కో బోల్టుకి ఐదారు నిమిషాలు. కోసేటప్పుడు పైనుంచి ఇంకొకతను రేకు మీద నీళ్ళు పోస్తూ ఉండాలి, నేను కిందనుంచి "పాణి ఢాళ, పాణి ఢాళ" అని అరుస్తూ ఉండటమే నా పని. నీళ్ళలో కాస్త సబ్బుపొడి కలిపితే రేకులోకి బాగా ఇంకుతుంది. తారు వాషర్లు వేలితో పీకితే లేత చాక్లెట్‌లా సాగుతూ వచ్చాయి, అవొక్కటే సుఖంగా వచ్చినవి. బోల్టులు తెగాక రేకుని ఇద్దరు పట్టుకుని తాళ్ళతో వాలుగా కిందికి జార్చారు. ఇరవైలో రెండే విరిగాయి, ఆ రెండూ తిత్లీలో చీలినవే.

ఇంకో మాట, క్యాన్సర్ కంటే ముందు వచ్చే ప్రమాదం ఒకటుంది. పాత రేకు మనిషి బరువు ఆగదు. బోల్టుల వరస చూసుకుని, కింద వాసం ఉన్నచోటే, అదీ అడ్డంగా బల్ల వేసి దాని మీదే నడవాలి. రేకు మధ్యలో కాలు పెట్టి పన్నెండు అడుగుల నుంచి కింద పడినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

మాస్కుల దగ్గర నవ్వులపాలయ్యాను. కరోనా నాటి గుడ్డ మాస్కు ఈ పీచుని ఆపదు. సన్న పీచుని కూడా ఆపే పీ100 ఫిల్టర్లు బిగించే రబ్బరు మాస్కు కావాలి, బరంపురంలో వెల్డింగు సామాన్ల కొట్టులో నాలుగు కొన్నాను. మొదటి రోజు పది గంటలకల్లా మూడు మాస్కులు మెడకి దిగిపోయాయి. మే ఎండలో అదెవరు పెట్టుకుంటారు, తప్పు నాదే, ఈ పని జనవరిలో పెట్టుకోవాల్సింది. రెండో రోజు తెల్లవారుజామున ఐదున్నరకి మొదలుపెట్టి తొమ్మిదికి ఆపించాను. వాళ్ళ పని బట్టలు మా బావి దగ్గరే తడిపించి కవర్లో కట్టించాను, ఇంటికెళ్ళి పిల్లల్ని ఎత్తుకుంటారు గదా. చీపురు మాత్రం పట్టనివ్వలేదు, కింద రాలినదంతా తడిగుడ్డతో ఎత్తడమే.

దింపినవాటిని ఎక్కడ వేయాలి? దీనికి నాకు జవాబు దొరకలేదు. ఒక ఆఫీసులో అడిగితే ఊరి చివర చెత్త వేసే చోట పడేయమన్నారు, అక్కడ ట్రాక్టర్లు తొక్కుతాయి, మేకలు తిరుగుతాయి, పిల్లలు ఇనుము ఏరుతారు. పాత ఇనుప కొట్టువాడు ఊరికే ఇచ్చినా వద్దన్నాడు. గుంతల రోడ్డులో పరిస్తే గట్టిగా ఉంటుందని మా వీధి పెద్దాయన ఒకరు సలహా ఇచ్చారు, పాపం మంచి మనసుతోనే. చివరికి మందపాటి పాలిథిన్ కొని, రేకులు తడిగా ఉండగానే ఐదేసి చొప్పున రెండు చుట్లు చుట్టి, టేపు వేసి, విరిగినవి వేరే సంచీలో కట్టి, పెయింటుతో "ఆస్బెస్టాస్, పగలగొట్టవద్దు" అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసి పెరట్లో గోడవారగా పేర్చాను. పాలిథిన్, టేపు కలిపి పద్దెనిమిది వందలు. ఇలాంటి వ్యర్థాన్ని తీసుకునే చోటు తేలేదాకా అవి అక్కడే.

కొత్త రేకు కింద వంటిల్లు కారడం లేదు, వాన పడితే మాత్రం ఫోన్లో మాట వినబడదు. మధ్యాహ్నం వేడికి కింద సీలింగు వేయించాలి, దానికి ఇంకో ముప్పై అయిదు వేలు చెప్తున్నారు, వచ్చే ఏడు చూడాలి.

పోయిన వారం పక్కవీధి పిన్ని వచ్చి, ఆ కట్టలు చూసి, మేకల పాకకి ఆరు రేకులు ఇవ్వమంది. కోస్తారు, బెజ్జాలు వేస్తారు, వద్దు పిన్నీ, మంచిది కాదు అని ఇప్పుడు మీకు చెప్పినదంతా ఆవిడకీ చెప్పాను. ఓపిగ్గా వింది. విని, తలెత్తి మా ముందు వాలు వైపు చూసింది. "మరి నీ నెత్తిమీదున్నవో?"

అవి కదపలేదు పిన్నీ, పైన రంగు వేయించాను అన్నాను.

"అయితే నావాటికీ ఆ రంగే వేయించి ఇయ్యి" అంది.